వరండాలో బ్రాంచి ఆఫీసు

మార్చి 3, సోమవారం

మావయ్యా,

ఫోనులో నీకు సగం మాటలే వినపడుతున్నాయి. మొన్న నేను "ప్రెస్సు మూసేశారు" అంటే నువ్వు "మూస్తే మూశారు, కిటికీ తీసుకో, గాలొస్తుంది" అన్నావు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. అత్తయ్యకి కూడా చదివి వినిపించు, కానీ నేను ఏడ్చిన చోట వదిలెయ్యి.

ప్రెస్సు నిజంగానే మూసేశారు. పదకొండేళ్ళు అచ్చయిన ఫారాలు మడిచాను, కుట్టాను, అట్టలు వేశాను. చివరి రోజు వచ్చిన పని ఏమిటో తెలుసా? మా మూసివేత నోటీసు. మాతోనే అచ్చు వేయించి మాతోనే కోయించారు. అలవాటు చొప్పున నేను అంచులు సమానంగా వచ్చాయో లేదో చూసి, వంకరగా ఉన్న రెండు పక్కన పడేశాను. యజమాని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. (ఇదే వదిలెయ్యమన్న చోటు.)

రెండు నెలలు తిరిగాను. పోయిన గురువారం బస్‌స్టాపులో ఒక కాగితం అంటించి ఉంది. "ఉద్యోగం గ్యారంటీ. మీ ఉద్యోగం మీకోసం ఎదురుచూస్తోంది." అడ్రసు పట్టుకుని వెళ్ళాను. కింద గొడుగుల షాపు, నాలుగో అంతస్తులో ఏజెన్సీ, దాని పైన నీళ్ళ ట్యాంకు. లోపల ఏడు టేబుళ్ళు. నడిమి టేబుల్ దగ్గర కోటు వేసుకున్న ఒకాయన. ఫ్యాను గాలి ఆయన దాకా రాదు, అయినా బొత్తాలన్నీ పెట్టుకునే ఉంటాడు. నా ఫారం చదివి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా?" అన్నాడు. "మీకు సరిపోయే ఉద్యోగం ఒకటి మీకోసమే బెంగపెట్టుకుని ఉంది."

ఏ కంపెనీ అని అడిగాను. "పేరు చెబితే కంపెనీ వాళ్ళు సిగ్గుపడతారు" అన్నాడు. పరిశీలన కోసమని నా బైండింగ్ శిక్షణ సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకున్నాడు. రసీదు కూడా ఇచ్చాడులే, భయపడకు. రసీదు మీద "ఒక కాగితం" అని రాసి ఉంది.

వాళ్ళు మంచివాళ్ళేనంటావా? నువ్వు జీవితమంతా అంగళ్ళు తనిఖీ చేసినవాడివి, నీకే తెలియాలి.

నీ మేనకోడలు


మార్చి 8, శనివారం

అమ్మడూ,

"ఒక కాగితం" అనేది రసీదా? రేపు వాళ్ళు నీకు పాత క్యాలెండరు ముక్క తెచ్చిస్తే అది కూడా ఒక కాగితమే. నీకు చదువు చెప్పించినందుకు నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలి. కొట్టుకుందామంటే మీ అత్తయ్య మొన్ననే గోడకి సున్నం వేయించింది.

సరే, అయిందేదో అయింది. నలభై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను. అంగడిలోకి వెళ్ళగానే కుర్చీ వేసి, చల్లటి నీళ్ళు ఇచ్చి, పిల్లలు బాగున్నారా అని అడిగినవాడి రాయిని నేను మొట్టమొదట తిరగేసేవాణ్ణి. అడుగున ముద్ర ఉందా లేదా అన్నదే లెక్క. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నన్ను ఆహ్వానించాడు. ఆయన కిలో రాయి లోపల బోలు. నీ కోటాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడన్నావు. నాకు అక్కడే తేడా కొట్టింది.

కాబట్టి ఈ ఉత్తరం అందగానే వెళ్ళి అడుగు. మీకు లైసెన్సు ఉందా, ఉంటే చూపించండి అను. చూపిస్తే దూరం నుంచి చూసి తలూపకు, దగ్గరికెళ్ళి చదువు. ఉద్యోగం ఇప్పించినందుకు మీకు ఎవరిస్తారు, కంపెనీ ఇస్తుందా, నా దగ్గరే గుంజుతారా అని అడుగు. రిజిస్ట్రేషనుకనీ ట్రైనింగుకనీ ముందే చెయ్యి చాస్తే మారు మాట్లాడకుండా మెట్లు దిగెయ్యి. కంపెనీ పేరు చెప్పమను. చెబితే వాళ్ళ మాట నమ్మి ఊరుకోకుండా, ఆ కంపెనీకి నువ్వే స్వయంగా వెళ్ళి ఇలాంటి ఖాళీ ఉందా అని కనుక్కో. వీళ్ళ ద్వారా పని దొరికినవాళ్ళు ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమను. ఏం చెప్పినా రాసివ్వమను. నోటి మాటకి ముద్ర ఉండదు. అన్నిటికంటే ముందు నీ సర్టిఫికెట్ వెనక్కి తీసుకో. ఒరిజినల్ చూపించాలి గానీ వదిలి రాకూడదు.

నువ్వు మెతకదానివి, నీళ్ళు నములుతావు. అందుకని నేనే వాళ్ళకి ఒక ఉత్తరం రాసి పడేశాను. నేనెవరో, ఎన్నేళ్ళు పనిచేశానో, ఎంతమంది దొంగ తక్కెళ్ళు పట్టుకున్నానో అంతా వివరంగా రాశాను. చదివితే కాళ్ళు వణకాలి.

మీ అత్తయ్య నిన్ను వేళకి తినమంటోంది. ఏడ్చిన చోటు కూడా చదివేశాను, నాకు వదిలేసి చదవడం రాదు.

మావయ్య


మార్చి 14, శుక్రవారం

మావయ్యా,

నువ్వు చెప్పినవన్నీ చీటీ మీద రాసుకుని వెళ్ళి అడిగాను. నీళ్ళు నమల్లేదు.

లైసెన్సు ఉందా అంటే కోటాయన గోడ మీదికి చెయ్యి చూపించాడు. పైకప్పుకి జానెడు కింద ఒక ఫ్రేము వేలాడుతోంది. పెద్ద ముద్ర కనిపిస్తోంది. నువ్వన్నావు కదా అని కుర్చీ లాక్కుని ఎక్కి చదివాను. అది కుక్క లైసెన్సు, మావయ్యా. "మగది, రెండేళ్ళు, గోధుమ రంగు, ఎడమ చెవి మీద మచ్చ." కిందికి దిగి ఇది కుక్కది కదండీ అన్నాను. ఆయన ఏమీ తడబడలేదు. "మాకంటే ముందు ఇక్కడ అద్దెకున్నవాళ్ళది. చక్కగా ముద్ర పడి ఉంది, తీసెయ్యడానికి మనసొప్పలేదు. ముద్ర ఉన్న కాగితాన్ని మేం ఎప్పుడూ కాదనం" అన్నాడు.

మీ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళతో మాట్లాడించమన్నాను. వెంటనే మూడో టేబుల్ ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ చాలా సంతోషంగా "అవునండీ, వీళ్ళే ఇప్పించారు" అంది. ఎక్కడ అని అడిగాను. "ఇక్కడే" అంది. ఐదో టేబులాయనా ఇక్కడే, రెండో టేబులావిడా ఇక్కడే. ఏడుగురూ పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఫారాలు తీసుకునే పనిలో కుదిరినవాళ్ళు. బయటి కంపెనీలో ఎవరైనా ఉన్నారా అంటే ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సర్టిఫికెట్ అడిగితే "ఫైలు పైకి వెళ్ళింది" అన్నారు. పైకి అంటే ఎవరి దగ్గరికని అడిగితే, పైకేనండీ అన్నారు.

నీ ఉత్తరం మాత్రం అందింది. కాళ్ళు వణికిన జాడ ఏమీ లేదు. కోటాయన దాన్ని అందరికీ పైకి చదివి వినిపించాడు. "నలభై ఏళ్ళ అనుభవం", "ఎవరినీ వదిలిపెట్టను" అన్న చోట ఎర్ర గీతలు గీశాడు. రెండో టేబులావిడ చప్పట్లు కొట్టింది. నాకేదో అనుమానంగా ఉంది.

ఇంత గొడవ పడ్డాక చివరికి నన్ను కూర్చోబెట్టారు. పద్నాలుగో నంబరు. రోజూ తొమ్మిదింటికల్లా వచ్చెయ్యాలని, ఆలస్యమైతే నా స్థానం ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పారు.

బస్సులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే బస్సుని తిట్టుకో.

నీ మేనకోడలు


మార్చి 19, బుధవారం

బంగారు తల్లీ,

నిన్ను కూర్చోబెట్టారని చదవగానే నా కళ్ళజోడు తడిసిపోయింది. నా ఉత్తరం దెబ్బ అది! కుక్క లైసెన్సు సంగతి తరవాత చూద్దాం. పద్నాలుగో నంబరు ఉద్యోగి అంటే మరీ పెద్ద సంస్థ కాదు గానీ, మొదట్లో అంతే. వేళకి వెళ్ళు.

మీ అత్తయ్య ఉత్తరం పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు పాల ప్యాకెట్ కోసం వెళ్తున్నానంది. గంటన్నర తరవాత ప్యాకెట్ లేకుండా వచ్చింది. ఎదురింటివాళ్ళు పైపు తగాదా తరవాత ఆరేళ్ళుగా మాతో మాట్లాడటం లేదు కదా, వాళ్ళు కూడా వచ్చి "మీ అమ్మాయికి ఉద్యోగమొచ్చిందటగా" అన్నారు. మేనకోడలని మీ అత్తయ్య సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు.

ఒక చికాకు కూడా ఉంది. మీ ఏజెన్సీ నుంచి నాకు కవరు వచ్చింది. "మీ దరఖాస్తు అందినది. తొలి వడపోతలో మీరు ఎంపికైనారు" అని. ఎవరిది దరఖాస్తు? ఎవడు పెట్టాడు? వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో జవాబిచ్చాను. నాకు డెబ్బై ఒక్క ఏళ్ళని, చెవులు వినపడవని, కోపం ఎక్కువని, మీరిచ్చే ఏ పదవికీ నేను తగనని, నాకు అక్కర్లేదని తెగేసి చెప్పాను. ఇంతకంటే తేటగా ఎవరూ రాయలేరు.

నువ్వు మాత్రం మొదటి రోజు ఏం పని చేశావో రాయి.

మావయ్య


మార్చి 25, మంగళవారం

మావయ్యా,

ఏం చెప్పను? నువ్వు పప్పులో కాలేశావు. నన్ను కూర్చోబెట్టింది ఉద్యోగంలో కాదు, కుర్చీలో. పద్నాలుగో నంబరు కుర్చీలో. పని కోసం ఎదురుచూసేవాళ్ళ గదిలో.

ఆ గది గురించి చెబుతాను విను. ఇనప మడత కుర్చీలు ఇరవై రెండు, గోడ చుట్టూ. పైన వరసలో ఎవరైనా మానేస్తే మిగతావాళ్ళం ఒక్కో కుర్చీ జరుగుతాం. ఆరు దాకా వెళ్తే కిటికీ, మూడు దాకా వెళ్తే ఫ్యాను. ఒకటో నంబరు కుర్చీలో ఒక దర్జీ ఉన్నాడు, నాలుగేళ్ళ నుంచీ. అందరూ ఆయన్ని "చైర్మన్ గారు" అంటారు, కుర్చీని బట్టి. కొత్తవాళ్ళకి ఆయనే ఆయా టేబుళ్ళ దగ్గర ఏం మాట్లాడాలో చెబుతాడు. పక్క వీధిలో బట్టల దుకాణం వాళ్ళు మిషను మీద కూర్చోబెడతాం రమ్మంటే వెళ్ళలేదట. "ఒకటో నంబరు దాకా వచ్చాక ఎలా వదులుకుంటానమ్మా?" అన్నాడు. నవ్వుదామనుకున్నాను. అంతలో తొమ్మిదో నంబరు ఖాళీ అయిందన్నారు. అప్పటికి పదో కుర్చీ దాకా జరిగిన నేను సంచీ పట్టుకుని పరిగెత్తాను. కూర్చున్నాక నా గుండె సంతోషంతో కొట్టుకుంటోంది, మావయ్యా. ఒక కుర్చీ కోసం. అప్పుడు భయమేసింది.

నేను అద్దెకుంటున్న ఇంటివాళ్ళకి ఇంకా ప్రెస్సుకే వెళ్తున్నానని చెప్పాను. పొద్దున్నే క్యారియర్ సర్దుకుని, బైండింగ్ ఏప్రన్ సంచీలో పెట్టుకుని బయల్దేరుతున్నాను. సాయంత్రం ఇంటావిడ "ఇవాళ పని ఎక్కువా, అలసిపోయావు" అంటుంది. కూర్చుని కూర్చుని నిజంగానే అలసిపోతున్నాను.

ఫైలు పైకి వెళ్ళిందన్నారు కదా. నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు నేను పైకి వెళ్ళి చూశాను. పైన ఎవరూ లేరు. నీళ్ళ ట్యాంకు, దాని కింద ఇనప బీరువా, తాళం. తలుపు సందులోంచి కట్టలు కనిపిస్తున్నాయి. అన్నీ ఒరిజినల్స్. ట్యాంకు కారి చుక్క చుక్కగా బీరువా మీద పడుతోంది. కాగితం తడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నా చేతులు ఊరుకోలేదు, అక్కడున్న ప్లాస్టిక్ పట్టా లాగి బీరువాకి కప్పి వచ్చాను.

నీ రిజిస్టర్డ్ ఉత్తరం చదివి కోటాయన "ఎంత వినయం! తగనని ఆయనే అంటున్నాడు! పెద్ద పదవి ఇస్తే గానీ రాడు" అన్నాడు. జాగ్రత్త.

అత్తయ్యని వీధిలో ఇంకేమీ చెప్పొద్దను.

తొమ్మిదో నంబరు


ఏప్రిల్ 1, మంగళవారం

అమ్మడూ,

ఇవాళ తేదీ చూసి పరాచికమనుకోకు. మన ఇంటికి బోర్డు వచ్చింది.

పొద్దున పేపరు చదువుకుంటుంటే ట్రాలీ ఆటో ఆగింది. బోర్డు, పన్నెండు మడత కుర్చీలు, ఒక రబ్బరు స్టాంపు, ఊదా రంగు ఇంకు ప్యాడు. నేను వద్దు వద్దంటుంటే డ్రైవరు సంతకం పెట్టమని పుస్తకం చాపాడు. వాడేదో అన్నాడు, నాకు వినపడలేదు. పెట్టేశాను. బోర్డు మీద "వరండా శాఖ" అని ఉంది. నేను "సీనియర్ పరిశీలన అధికారి"నట. నియామక పత్రంలో ఇలా రాశారు: "అభ్యర్థుల మొర వినపడని అధికారి కోసం సంస్థ ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది. పన్నెండు కుర్చీలూ నింపినవాడు డివిజన్ అధికారి కాగలడు."

నేను బోర్డు దింపేలోగా ముగ్గురొచ్చి కూర్చున్నారు. వెళ్ళిపొమ్మన్నాను. కూర్చోమన్నాననుకున్నారో ఏమో, కాళ్ళు చాపుకున్నారు. మీ అత్తయ్య అందరికీ టీ ఇచ్చింది. ఇంక వాళ్ళని పంపించడం నా వల్ల కాలేదు.

సరే, నీ సంగతి. తొమ్మిదో నంబరు అని సంతకం పెడతావా? ఆ అంకె ఇంకోసారి నా కంటపడితే ఉత్తరం చదవకుండా చించేస్తాను. నీకు పేరు చెప్పుకోవడానికి ఒక పని ఉంది, నువ్వు బైండరువి. ఆ కుర్చీలోంచి లే. నీకు జిగురు అమ్మినవాళ్ళు, అట్ట అమ్మినవాళ్ళు, దారం అమ్మినవాళ్ళు ఉంటారుగా? ఎక్కడ పని నడుస్తోందో వాళ్ళకి తెలుస్తుంది. జిగురు కొనేవాడి దగ్గర పని ఉంటుంది, పోస్టరు అంటించేవాడి దగ్గర కాదు. (అతనూ జిగురే కొంటాడనుకో. నా ఉద్దేశం నీకు అర్థమైందిగా.)

మీ అత్తయ్య వీధిలో చెప్పిన మాట వెనక్కి తీసుకోనంటోంది. "అబద్ధం కాదు, కాస్త ముందు చెప్పాను" అంటోంది.

మావయ్య


ఏప్రిల్ 10, గురువారం

మావయ్య గారికి,

గారు అని ఎందుకు రాశానో చదివితే తెలుస్తుంది.

ముందు మంచి వార్త. నువ్వు చెప్పినట్టే జిగురాయన దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే "ప్రెస్సు పోయాక నా దగ్గరికి రావడానికి ఇన్ని నెలలా?" అని కోప్పడ్డాడు. పెద్ద లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే గదిలో మనిషి కావాలట. వెళ్ళాను. ఆ గది పెద్దావిడకి యాభై దాటి ఉంటాయి, వేళ్ళ నిండా మైదా జిగురు మరకలు. నేను భయపడుతూనే నీ చీటీ తీశాను. పని గది చూపిస్తారా అన్నాను. లేచి చూపించింది. ఇక్కడ పనిచేసేవాళ్ళతో మాట్లాడొచ్చా అన్నాను. ఇద్దరిని పిలిచి తాను బయటికి వెళ్ళి నిలబడింది. వేళలు, జీతం, సెలవులు రాసిస్తారా అన్నాను. రాసి సంతకం పెట్టింది. ఆ తరవాత ఒక చిరిగిన పుస్తకం నా ముందు పడేసి "ఇప్పుడు నా వంతు" అంది. వెన్ను విప్పి, పాత దారం తీసి, మళ్ళీ కుట్టి చూపించాను. ఒక్క కుట్టు కూడా వదులు కాలేదు.

పని ఇస్తానంది. అయితే లైబ్రరీ ఆఫీసులో శిక్షణ సర్టిఫికెట్ ఒరిజినల్ చూపించాలి. ఏప్రిల్ 28 ఆఖరు. నకలు పనికిరాదు.

అక్కడి నుంచి నేరుగా ఏజెన్సీకి పరిగెత్తాను. కోటాయన నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. "మీ మావయ్య గారు మా మనిషైపోయారు. పదకొండు కుర్చీలు నిండాయట. అలాంటి మనిషి మాకు ఇన్నేళ్ళలో దొరకలేదు" అన్నాడు. గోడ మీద నీ ఫోటో లేదు గానీ, కుక్క లైసెన్సు పక్కన నీ ఉత్తరం ఫ్రేము కట్టించి పెట్టారు.

నువ్వు టీ ఇచ్చి కూర్చోబెట్టావంటే జాలిపడి అనుకున్నాను. పదకొండు కుర్చీలా? వాళ్ళ కాగితాలు కూడా తీసుకుంటున్నావా? నాలాంటి పదకొండుమంది పొద్దున్నే క్యారియర్లు పట్టుకుని మన వరండాకి వస్తున్నారని తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. డివిజన్ అధికారి కావాలని ఉందా మీకు?

ఇంకేం రాయను. నా సర్టిఫికెట్ ఇప్పించగలిగితే ఇప్పించండి.

బైండరు


ఏప్రిల్ 19, శనివారం

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. మీ అత్తయ్య చదివి "దానికి రోషం నీ నుంచే వచ్చింది" అని నన్నే తిట్టింది. "గారు" అన్న మాట చాలా గట్టిగా తగిలింది. సరే, ఇప్పుడు విను.

పదకొండుమంది కూర్చున్న మాట నిజం. ఎవరి దగ్గరా ఒక్క కాగితం ముట్టుకోలేదు. ఎవరిని చూసినా నువ్వే కనిపించావు. మొదటి రోజే ఒక్కొక్కరినీ నీకేం పని వచ్చు అని అడిగాను. వాళ్ళు చెప్పింది నాకు వినపడక, పలక ఇచ్చి రాయమన్నాను. రాస్తే తెలిసింది, ఆ ఏజెన్సీ ఫారంలో ఆ ప్రశ్నే లేదట. నలభై ఏళ్ళలో ఈ ఊళ్ళో నేను తిరగని అంగడి లేదు. ఎవడి రాయి బోలో, ఎవడిది గట్టిదో నాకు కంఠతా. గట్టి రాయి వాళ్ళ దగ్గరికి మాత్రమే చీటీ రాసి పంపాను, అక్కడికెళ్ళి అడగాల్సిన ప్రశ్నలన్నీ చెప్పి మరీ. నలుగురికి పని దొరికింది. వెల్డింగ్ ఆయన, ఇద్దరు కుట్టుపని వాళ్ళు, మందుల షాపులో లెక్కలు రాసే అమ్మాయి. ఐదో ఆవిడ వెళ్ళిన చోట జీతం రాసివ్వమంటే మొహం చాటేశారట, తిరిగొచ్చేసింది. శభాష్ అన్నాను. గట్టి రాయి అనుకున్న నా పాత లెక్క ఒకటి తప్పిందని ఆరోజు తెలిసింది.

మీ ఏజెన్సీ నుంచి తాఖీదు వచ్చింది. "వరండా శాఖలో కుర్చీలు ఖాళీ అవుతున్నట్టు తెలియవచ్చినది. ఈ లోపం వెంటనే సరిదిద్దవలెను" అని.

నీ ఉత్తరం చదివాక నాకు కోటాయన నీతో అన్న మాట గుర్తొచ్చింది. ముద్ర ఉన్న కాగితాన్ని మేం కాదనం అన్నాడని రాశావు. నా దగ్గర వాళ్ళిచ్చిన ముద్రే ఉందిగా! "లోపం సరిదిద్దు నిమిత్తం, పరిశీలన కొరకు, పై బీరువాలోని ఒరిజినల్స్ సమస్తం దరఖాస్తు ఫారాలతో సహా వరండా శాఖకు పంపవలెను. సీనియర్ పరిశీలన అధికారి" అని రాసి ఒకటి కాదు, మూడు ముద్రలు వేశాను. ఇంకు ప్యాడు ఎండిపోయింది.

నాలుగో రోజు మూడు గోనెసంచులు దిగాయి.

ఫారాల మీద అడ్రసులున్నాయి కాబట్టి, వరండాలో మిగిలిన ఏడుగురూ, నేనూ, మీ అత్తయ్య, ఎదురింటాయన కలిసి ఎవరివి వాళ్ళకి విడదీశాం. ఎదురింటాయన అంటుకుపోయిన కాగితాలు ఆవిరి పట్టి విడదీయడంలో దిట్ట అని ఇన్నాళ్ళకి తెలిసింది. ఏడో టేబుల్ నుంచి మొదటి టేబుల్ దాకా అందరి సర్టిఫికెట్లూ అందులోనే ఉన్నాయి. చైర్మన్ దర్జీది కూడా. అడుగున, అందరికంటే పాతది, నీ కోటాయనది. వడ్రంగం డిప్లొమా, మొదటి శ్రేణి. దాంతోపాటు కట్టిన చీటీ మీద నా నియామక పత్రం మీదున్న ఆయన పేరు కిందే "కుర్చీ నంబరు 1" అని ఉంది.

అన్నీ పోస్టులో వేసేశాం. నీది రెండు అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. ఒక మూల తడిసింది. పట్టా కప్పకపోతే మొత్తం పోయేది.

వాళ్ళు నన్ను తీసేశారు. "ఉద్యోగాలు ఇప్పించినందున" అని కారణం రాశారు.

మావయ్య (గారు వద్దు)


ఏప్రిల్ 30, బుధవారం

మా మావయ్యా,

ముందు నా తప్పు ఒప్పేసుకుంటున్నాను. ఇక్కడి నుంచి చెవులు మెలిపెట్టుకుంటున్నాను, నీకు కనిపించదు గానీ నమ్ము.

సర్టిఫికెట్ 24న అందింది. 25న లైబ్రరీ ఆఫీసులో చూపించాను, వాళ్ళు చూసి, నంబరు రాసుకుని, నా చేతికే తిరిగి ఇచ్చేశారు. అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మెట్ల మీద కూర్చుని నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. సోమవారం నుంచి పనిలో ఉన్నాను. ఇంటావిడకి నిజం చెప్పేశాను. "నాకు తెలుసు, నెలల తరబడి నీ ఏప్రన్‌కి జిగురు అంటడం లేదు" అంది.

నిన్న సాయంత్రం ఏజెన్సీ దాకా వెళ్ళాను, చైర్మన్ గారిని చూద్దామని. గదిలో ఎవరూ లేరు. ఇరవై రెండు కుర్చీలూ ఖాళీ. పోస్టు అందినవాళ్ళు అందినట్టే వెళ్ళిపోయారట. దర్జీ అందరికంటే ఆఖర్న వెళ్ళాడట, తన కుర్చీ మడిచి గోడకి ఆనించి మరీ.

కోటాయన ఒక్కడే ఉన్నాడు. నువ్వు పంపిన కవరు టేబుల్ మీద ఉంది, విప్పి ఉంది. నన్ను చూసి ఎప్పటిలా లేవలేదు. "నేనొచ్చినప్పుడు ఇక్కడ ఇంకో కోటాయన ఉండేవాడమ్మా" అన్నాడు. "ఒకరోజు ఆయన రాలేదు. కోటు కొక్కేనికి ఉంది. ఎవరో ఫారం పట్టుకుని లోపలికొచ్చారు. నేను లేచి తీసుకున్నాను." తొమ్మిదేళ్ళయిందట. ఇదంతా ఎందుకు చేస్తున్నామని ఎవరినీ అడగడానికి ఆయనకి తోచలేదట.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. నా రెండు నెలలు పోయాయండీ అన్నాను. "వడ్రంగం ఇంకా వచ్చా?" అని అడిగాను. లేచి, పక్క టేబుల్ సొరుగు లాగి చూపించాడు. ఏడు టేబుళ్ళ సొరుగులూ వెన్నలా జారుతున్నాయి. తొమ్మిదేళ్ళుగా ఆదివారాలు వచ్చి ఆయనే చిత్రిక పట్టేవాడట, ఊరికే.

నీ అడ్రసు ఇచ్చాను. తప్పు చేశానా?

అత్తయ్య వీధిలో ఇప్పుడు చెప్పుకోవచ్చు.

నీ మేనకోడలు


మే 12, సోమవారం

అమ్మడూ,

తప్పేం కాదు. వచ్చాడు. కోటు లేకుండా వచ్చాడు, అయినా గుర్తుపట్టాను, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు. ఏం అడగాలో తెలియక ముందు నిలువునా చీరేశాను. అరగంట తిట్టాను. ఆయన జవాబు చెప్పాడో లేదో నాకు వినపడలేదు. మీ అత్తయ్య చెప్పింది, నేను తిడుతున్నంతసేపూ మన వరండా తలుపు కీలు వంక చూస్తూ ఉన్నాడట. తిట్లు అయ్యాక స్క్రూడ్రైవరు అడిగాడు.

కలప డిపో వాళ్ళకి చీటీ రాశాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాశాను, తొమ్మిదేళ్ళు ఏం చేశాడో కూడా. చదివి వినిపించి, ఇలాగే ఇవ్వనా అన్నాను. ఇవ్వమని తలూపాడు. వాళ్ళు నెల రోజులు చూస్తామన్నారు. చూడనీ.

బోర్డు దింపేశాను, స్టాంపు పోస్టులో తిప్పి పంపాను. అయినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. నాకిదేం ఖర్మ అని రోజూ అంటాను. మీ అత్తయ్య పట్టించుకోవడం లేదు. ఇంకో పలక కొనుక్కొచ్చింది.

నీ పని గురించి ఇంకా చాలా అడగాలి. ఆ పెద్దావిడ ఏ దారం వాడుతుంది, మధ్యాహ్నం ఎంతసేపు విరామం, నీ బల్ల కిటికీ పక్కనేనా... కానీ గేటు దగ్గర ఒకావిడ వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. లోపలికి రావచ్చో లేదో తెలియక గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగింది. ఎండగా ఉంది. ఆవిణ్ణి అక్కడ నిలబెట్టి నీకు రాస్తూ కూర్చోవడం బాగుండదు.

మావయ్య